లాడ్ బజార్ గాజులు, గూగుల్ వెతుకులాట: ఒక సంవాదం

వ్యాపార వెబ్‌సైట్‌ను బాగుచేయడమంటే వాడుకలో మూడు పనులు. కొనదలచిన మనిషి వెతికినప్పుడు దుకాణం కంటపడాలి. దీన్ని ఎస్‌ఈఓ అంటారు. చూసిన పేరు మర్నాటికీ గుర్తుండాలి, అది బ్రాండింగ్. లోపలికి వచ్చినవాళ్లకు పనికొచ్చే సంగతి దొరకాలి, అది కంటెంట్. ఏజెన్సీలు వీటిని మూడు ప్యాకేజీలుగా విడగొట్టి మూడు బిల్లులు వేస్తాయి. మూడోది గట్టిగా లేకపోతే మొదటి రెండూ నిలవవన్న మాట మాత్రం బిల్లులో ఎక్కడా ఉండదు.

హైదరాబాద్ పాతబస్తీలో ఈ వ్యవహారానికి ఇంకో చిక్కు ఉంది. చార్మినార్ నుంచి పడమరగా మహబూబ్ చౌక్ వైపు సాగే లాడ్ బజార్‌లో పక్కపక్క దుకాణాలు దాదాపు ఒకే సరుకు అమ్ముతాయి: లక్క గాజులు. ఒక దుకాణానికీ దాని పక్కదానికీ తేడా ఏమిటో గల్లీలో నిలబడి చూసే మనిషికే సులభంగా అందదు. వెతుకులాట యంత్రానికి అందడం మరీ కష్టం. అక్కడ తండ్రి కాలం నుంచి దుకాణం నడుపుతున్న వ్యాపారి ఒకవైపు, వెబ్‌సైట్లు కట్టే మనిషి ఇంకోవైపు ఉంటే వాదన ఇలా సాగుతుంది.

దుకాణదారు: చార్మినార్ కట్టింది 1591ల. మాకు అదే బోర్డు. దాన్ని చూడనొచ్చినోళ్లు పడమర దిక్కు పది అడుగులేస్తే మా బజార్ల ఉంటరు. రంజాన్ రాత్రుల్ల, పెండ్లిళ్ల సీజన్ల నిలబడనీకి జాగ ఉండదు. ఇగ వెబ్‌సైట్ దేనికి బేటా?

సైట్ కట్టేవాడు: బజారుకు వచ్చేవాళ్ల కోసం కాదు సేఠ్, ఇంకా రానివాళ్ల కోసం. డాలస్‌లో కూతురి పెళ్లి పెట్టుకున్న తల్లి పడుకునే ముందు ఫోన్‌లో వెతుకుతుంది. నిజామాబాద్ నుంచి పెళ్లి షాపింగ్‌కు బయలుదేరే కుటుంబం ఏ దుకాణానికి పోవాలో ఇంట్లోనే చూసుకుంటుంది. వాళ్లకు మీ పేరు కనిపించదు. హైదరాబాద్ లక్క గాజులని రాసి ఎక్కడి సరుకో అమ్మే పేజీలు కనిపిస్తాయి.

దుకాణదారు: ఇన్‌స్టాగ్రామ్ ఉంది, వాట్సాప్ ఉంది. ఫొటో పంపుతం, డిజైన్ నచ్చిందంటరు, యూపీఐల పైసలొస్తయి, కొరియర్ల డబ్బా పోతది. ఖర్చేం లేదు.

సైట్ కట్టేవాడు: అది నడిచినన్ని రోజులే. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించింది. అక్కడ వీడియోలు పెట్టి గిరాకీ తెచ్చుకున్న చిన్న వ్యాపారులకు ఆ తర్వాత చూసేవాళ్లే లేకుండా పోయారు. సొంత సైట్ అయితే మీ చేతిలో ఉంటుంది.

దుకాణదారు: ఏం సొంతం? దుకాణాలకు ఫ్రీగ సైట్లు ఇచ్చిన గూగులే 2024 మార్చిల అన్నిటినీ బంద్ పెట్టింది గదా. డొమైన్ గూడ ఏడాదికోపారి పైసలు కట్టేదే. కిరాయి మల్గీల కూసున్నోనికి ఇంకో కిరాయి మల్గీ చూపిస్తున్నవ్.

ఇక్కడ దుకాణదారు మాటకే బరువు ఎక్కువ. ఇంటర్నెట్‌లో పూర్తిగా సొంతమనదగ్గ జాగా లేదు. అయితే కిరాయిల్లో తేడాలున్నాయి. గడువు తప్పకుండా రుసుము కడుతున్నంత కాలం డొమైన్ పేరు ఇంకొకరికి పోదు. సైట్‌ను దాచే కంపెనీ నచ్చకపోతే అదే పేరుతో వేరే కంపెనీకి మారవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో కూడబెట్టిన అనుచరులను అలా మూటగట్టుకొని ఇంకోచోటికి తీసుకుపోవడం కుదరదు. కానీ ఈ తేడా దక్కాలంటే డొమైన్ రిజిస్ట్రేషన్ దుకాణదారు పేరు మీద, దుకాణదారు ఈమెయిల్‌తో ఉండాలి. చిన్న వ్యాపారుల సైట్లు తరచూ చిక్కుల్లో పడేది ఇక్కడే: సైట్ కట్టినవాడు తన ఖాతాలోనే డొమైన్ కొంటాడు, రెండేళ్లకు ఫోన్ నంబరు మారుస్తాడు, గడువు తేదీ వచ్చిన సంగతి యజమానికి తెలియదు. గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే బిజినెస్ ప్రొఫైల్‌కూ ఇదే వర్తిస్తుంది. రంగులు, లోగోల ముచ్చట కన్నా ముందు తేల్చుకోవలసినవి ఈ రెండు ఖాతాలు.

సైట్ కట్టేవాడు: సరే, పేరు మీదే. ఇక దొరకడం సంగతి.

దుకాణదారు: దాని గురించి నాకు రోజూ ఫోన్లొస్తయి. పైసలు కడితే మొదటి పేజీల మొదటి నంబర్ల పెడ్తమంటరు. నువ్వూ అదే అంటవా?

సైట్ కట్టేవాడు: అనను. గూగుల్‌లో మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే రాసి పెట్టింది. ప్రకటనకు డబ్బు కట్టి పైన కనిపించవచ్చు. అది ప్రకటన అని పక్కనే రాసి ఉంటుంది. మామూలు ఫలితాల్లో స్థానం కొనుక్కునేది కాదు.

వెతుకులాట యంత్రం చేసే పని మూడు అంచెలు. దాని ప్రోగ్రాములు లింకుల వెంట పోతూ పేజీలను చదువుతాయి. చదివినదాన్ని సూచీలో చేర్చుకుంటాయి. ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు ఆ సూచీ నుంచి తగిన పేజీలను ఏరి వరుస పెడతాయి. ఈ వరుస పెట్టడంలోనే గూగుల్ మిగతావాళ్లను దాటిపోయింది. స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో వివరించిన పేజ్‌ర్యాంక్ పద్ధతిలో, ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇస్తే దాన్ని సిఫారసుగా లెక్కేశారు. సిఫారసు చేసిన పేజీకి ఎంత విలువ ఉంటే ఆ లింకుకు అంత బరువు.

ఆ లెక్క తెలియగానే దాన్ని వంచే వ్యాపారం మొదలైంది. పేజీ అడుగున కనిపించని అక్షరాలతో ఒకే మాట వందసార్లు రాయడం, లింకులను టోకున కొనడం మామూలైపోయాయి. పేజీ తలభాగంలో కీవర్డుల జాబితా పెట్టే ట్యాగును తాము లెక్కలోకి తీసుకోమని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఇప్పటికీ దాన్ని నింపినందుకు బిల్లు వేసేవాళ్లు ఉన్నారు. 2011లో పాండా అనే మార్పు పసలేని, నకలు పేజీలను కిందికి నెట్టింది. 2012లో పెంగ్విన్ కొన్న లింకుల పని పట్టింది. రోజూ ఫోన్ చేసేవాళ్లలో చాలామంది అమ్మేది ఈ చెల్లని సరుకే.

సైట్ కట్టేవాడు: మీలాంటి దుకాణానికి ముందు కావలసింది మ్యాప్స్‌లో కనిపించడం. అక్కడ గూగుల్ మూడు చూస్తానంటుంది: అడిగినదానికీ దుకాణానికీ సంబంధం, దూరం, ప్రాచుర్యం.

దుకాణదారు: మా బజార్ల అందరూ లక్క గాజులే అమ్ముతరు, సంబంధం అందరికీ ఒక్కటే. అందరూ చార్మినార్ పక్కనే ఉన్నరు, దూరం ఒక్కటే. మిగిలింది ప్రాచుర్యం. అంటే రివ్యూలు. అవి గూడ ఫోన్ చేసేటోళ్లు అమ్ముతరు, వందకు ఇంత అని.

ఈ ఎదురుప్రశ్న పదునైనది. ఊరికి ఒక్కటే ఉండే దుకాణానికి చెప్పే సలహాలు ఒకే సరుకు అమ్మే బజారులో సగం పనికిరావు. మిగిలిన ప్రాచుర్యాన్ని కొనడం నేరుగా ప్రమాదంలోకి దిగడం. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం అమ్మకందారు తానే వినియోగదారు వేషం వేసి రివ్యూ రాయకూడదు, రాయించకూడదు. ఆన్‌లైన్ రివ్యూల సేకరణకు భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా తెచ్చింది. పట్టుబడితే ప్రొఫైల్ పోవచ్చు. దానితోపాటు నిజంగా కొన్నవాళ్లు రాసిన మంచి మాటలూ పోతాయి.

సైట్ కట్టేవాడు: కొనడం కాదు సేఠ్, అడగడం. డబ్బా చేతికిచ్చేటప్పుడు, ఏం కొన్నారో రెండు మాటలు రాయమనండి. "సూపర్ షాప్" అని యాభైమంది రాసినదానికన్నా, నిశ్చితార్థానికి ఆకుపచ్చ సెట్టు చేయించుకున్నామని ఐదుగురు రాస్తే చదివేవాళ్లకు ఎక్కువ తెలుస్తుంది. ఇంకొకటి: రంజాన్‌లో మీరు అర్ధరాత్రి దాటాక కూడా తెరిచి ఉంటారు. ప్రొఫైల్‌లో మాత్రం తొమ్మిదింటికి మూసేస్తారని ఉంది.

దుకాణదారు: అది నిజమే. ఎవరు పెట్టిన్రో గూడ తెల్వదు.

ప్రత్యేక రోజుల వేళలను ప్రొఫైల్‌లో విడిగా రాసుకునే వీలుంది. రంజాన్‌కు, పండుగలకు దాన్ని వాడుకోకపోవడం చేజేతులా గిరాకీ పోగొట్టుకోవడమే. దారి సంగతీ అంతే. చార్మినార్ చుట్టూ వాహనాలు తిరగకుండా నడకదారి చేశారు. కొత్తగా వచ్చేవాళ్లకు బండి ఎక్కడ ఆపాలన్నదే మొదటి బెంగ. 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ బస్టాండు దాకా వచ్చిన మెట్రో ఆకుపచ్చ లైను అక్కడే ఆగింది. అక్కడి నుంచి మూసీ దాటి ఆటోలో రావాలి. పాతబస్తీ మీదుగా వేసే లైనుకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఈ నాలుగు సంగతులతో "ఎలా రావాలి" అనే పేజీ రాస్తే, అది దుకాణం గొప్ప చెప్పుకునే పేజీకన్నా ఎక్కువ మందికి ఉపకరిస్తుంది.

తర్వాతి మెట్టు, జనం ఏ మాటలతో వెతుకుతారన్నది. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ బజారు పేరే మూడు నాలుగు రకాలుగా రాస్తారు; చూడీ బజార్ అని వెతికేవాళ్లూ ఉన్నారు. లక్కను తెలిపే ఇంగ్లీషు మాటా, నూరు వేలను తెలిపే లక్ష మాటా ఇంగ్లీషు రాతలో ఒకదానికొకటి దగ్గరగా ఉండడం వల్ల అసలు సరుకుతో సంబంధం లేని ఫలితాలూ మధ్యలో దూరతాయి. ఇన్ని రూపాలనూ ఒకే పేజీలో కుక్కనక్కర్లేదు. మామూలు స్పెల్లింగ్ తేడాలను యంత్రమే చాలావరకు పోల్చుకుంటుంది. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో విడివిడి పేజీలుంటే చాలు. తెలుగు పేజీ యూనికోడ్‌లో ఉండాలి. పత్రికల పేజీలు దిద్దే అను ఫాంట్లలో టైపు చేసినది అలాగే అతికిస్తే యంత్రానికి అది తెలుగు కాదు, అర్థంలేని గుర్తుల వరుస. పెళ్లి కార్డు మాదిరిగా అక్షరాలన్నీ బొమ్మలో పెట్టినా నష్టమే.

దుకాణదారు: ఇగ కంటెంట్ అంటవ్. ఏం రాయాలె? "హైదరాబాద్‌ల అత్యుత్తమ లక్క గాజులు, నాణ్యతకు మారుపేరు." అందరి సైట్లల ఇదే ఉంది. నేనూ ఇదే రాయాల్నా?

సైట్ కట్టేవాడు: అది రాస్తే రాయనట్టే. ఫోన్‌లో మిమ్మల్ని ఎక్కువగా ఏమడుగుతారు?

దుకాణదారు: సైజ్. దూరంకెళ్లి తీస్కునేటోళ్లు అందరూ సైజే అడుగుతరు. చెయ్యి చూస్తే నేను చెప్త. ఫొటోల చెయ్యి పంపితే ఎట్ల చెప్త?

సైట్ కట్టేవాడు: మీ మొదటి పేజీ అదే.

ఈ సంవాదంలో అన్నిటికన్నా ఆగి చూడవలసిన చోటు ఇది. గాజుల సైజును రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అని పలుకుతారు. మొదటి అంకె అంగుళాలు, రెండోది అంగుళంలో పదహారో వంతులు. అంటే 2-8 అంటే రెండు అంగుళాల మీద ఎనిమిది పదహారో వంతులు, లోపలి వ్యాసం రెండున్నర అంగుళాలు, 63.5 మిల్లీమీటర్లు. 2-4 అంటే 57.2, 2-6 అంటే 60.3, 2-10 అంటే 66.7 మిల్లీమీటర్లు. మెట్టుకూ మెట్టుకూ మధ్య తేడా దాదాపు 3.2 మిల్లీమీటర్లు. లక్క గాజు సాగదు కాబట్టి ఆ కాస్త తేడాకే చెయ్యి పట్టదు, లేదా గాజు జారిపోతుంది.

వెబ్‌సైట్లలో ఇక్కడ ఒక పొరపాటు తరచూ దొర్లుతుంది. ఈ సైజులను చుక్క పెట్టి 2.4, 2.8, 2.10 అని రాస్తారు. దుకాణం సాఫ్ట్‌వేర్ దాన్ని దశాంశంగా చదివి 2.10ని 2.1 చేసి, అన్నిటికన్నా చిన్న సైజుగా వరుసలో ముందు నిలబెడుతుంది. పెద్ద చెయ్యి ఉన్నావిడ జాబితా చివర వెతికి, తన సైజు లేదనుకొని వెళ్లిపోతుంది. సైజును సంఖ్యగా కాక పేరుగా నమోదు చేసి, పక్కనే మిల్లీమీటర్లు రాస్తే చిక్కు విడిపోతుంది. లాడ్ బజార్‌లో కూర్చున్న మనిషికి ఈ తప్పు చూడగానే తట్టేది. దూరాన కూర్చొని సైట్ కట్టిన ఏజెన్సీకి తట్టదు.

కొలిచే పద్ధతీ అక్కడే రాయాలి. సరిపోతున్న పాత గాజు ఒకటి ఉంటే దాని లోపలి వ్యాసాన్ని స్కేలు మీద చూడడం మేలు. లేకపోతే గాజు తొడిగేటప్పటిలా బొటనవేలిని చిటికెనవేలి వైపు మడిచి, పిడికిలి ఎక్కడ అన్నిటికన్నా వెడల్పుగా ఉందో అక్కడ దారంతో చుట్టుకొలత తీసి, దాన్ని 3.14తో భాగించాలి. చుట్టుకొలత 20 సెంటీమీటర్లు వస్తే వ్యాసం 63.7 మిల్లీమీటర్లు, అంటే 2-8కి దగ్గర. ఇంత సంగతి తెలుగులో సరిగ్గా రాసి, చెయ్యి మడిచిన ఫొటో ఒకటి పెడితే, అది ఏ కీవర్డు గారడీ లేకుండానే వెతికేవాళ్లకు పనికొస్తుంది. గూగుల్ తన నాణ్యతా పరిశీలకుల మార్గదర్శకాల్లో 2022 డిసెంబరులో స్వానుభవాన్ని కూడా చేర్చింది. పనిచేసినవాడు రాసినదానికీ పదిచోట్ల చదివి రాసినదానికీ తేడా చూడమని దాని సారం.

దుకాణదారు: ఇట్లయితే ఇంకా ఉన్నయి. ఎండల కార్ల పెట్టి మర్చిపోతరు, లక్క మెత్తబడి గాజు వంకరైతది. రాయి ఊడిందని ఫోన్ చేస్తరు. గీటిని ఎవరైనా చదువుతరా?

సైట్ కట్టేవాడు: ఊడినవాళ్లు చదువుతారు. వాళ్లు మీ దగ్గర ఒకసారి కొన్నవాళ్లు, లేదా ఇంకొకరి దగ్గర కొని విసిగినవాళ్లు. ఇద్దరూ కావలసినవాళ్లే.

దుకాణదారు: రేటు మాత్రం రాయ.

సైట్ కట్టేవాడు: రేటు లేని పేజీని చూసి సగం మంది వెనక్కి పోతారు సేఠ్.

దుకాణదారు: రాస్తే పక్క మల్గీవోడు దానికన్న తక్కువ చెప్తడు. మా బజార్ల బేరమే రేటు. పెండ్లికి ఇరవై సెట్లు తీస్కునేటోళ్లకు ఒక తీరు, ఒక్క జత తీస్కునేటోళ్లకు ఒక తీరు. ఎంతకిస్తవని అడిగినోడు మాట్లాడతడు, మాట్లాడినోడు కొంటడు. ఆ అడుగుడే నా వ్యాపారం, దాన్ని తీసేయమంటవా?

సైట్ కట్టేవాడు: అడిగే ఓపిక డాలస్‌లో ఉన్నావిడకు లేదు. మీకు రాత్రయితే ఆమెకు పగలు. మీరు జవాబిచ్చేలోపు ఇంకో సైట్‌లో కొనేస్తుంది. పైగా ధర, నిల్వ వివరాలను యంత్రం చదవగల రూపంలో పేజీకి జతచేస్తే, వెతుకులాట ఫలితాల్లోనే ధర కనిపించే వీలుంది. 2011లో పెద్ద వెతుకులాట కంపెనీలు కలిసి తెచ్చిన స్కీమా పద్ధతి అందుకే. ధర లేకుండా అది కుదరదు.

ఇక్కడ ఏ ఒక్కరి మాటా పూర్తిగా చెల్లదు. బేరం అన్నది మోసం కాదు. ఎంత సరుకు, ఎప్పటికి కావాలి, ఎవరి పెళ్లి అన్న సమాచారం ఇటూ అటూ మారే తీరు అది. కానీ బేరానికి ముఖాముఖి కావాలి. తెర మీద ధర లేకపోతే, ఎదుటివాడి ముఖం చూసి రేటు చెబుతారన్న అనుమానమే మిగులుతుంది. పనికొచ్చే దారి ఇది: ఎప్పుడూ నిల్వ ఉండే మామూలు డిజైన్లకు స్థిరమైన ధర రాయాలి, చేయించి ఇచ్చే పెళ్లి సెట్లకు ఇంత నుంచి ఇంత అని రాసి, ధర ఎందుకు పెరుగుతుందో చెప్పాలి. లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరచి, రంగు కలిపి, కడ్డీగా సాగదీసి, గుండ్రంగా వంచి, ఇంకా వెచ్చగా ఉండగానే రాళ్లు, అద్దాలు, పూసలు ఒక్కొక్కటీ చేత్తో అద్దుతారు. రాళ్లు చిన్నవై, వరుసలు ఎక్కువైన కొద్దీ పని గంటలు పెరుగుతాయి. అది తెలిసిన కొనుగోలుదారు బేరం ఆడినా వేరే తీరుగా ఆడతాడు.

దుకాణదారు: డిజైన్లన్నీ సైట్ల పెడితే ఫొటో కొట్టి అదే మాల్ ఇంకోచోట దింపుతరు.

సైట్ కట్టేవాడు: ఫొటో మీద అడ్డంగా పేరు రాస్తే గాజు కనబడదు. నిజంగా కొత్త డిజైన్ అయితే 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయవచ్చు. కానీ ముందు దరఖాస్తు, తర్వాతే సైట్‌లో ఫొటో. ఒకసారి బయటపెట్టాక అది కొత్తదన్న వాదన చెల్లదు. మామూలు డిజైన్లు ఎలాగూ అందరి దగ్గరా ఉన్నవే, దాచి లాభం లేదు.

ఇక పేరు. పాతబస్తీ వ్యాపారంలో రెండు పేర్లు పక్కపక్కన బతుకుతాయి: అందరిదీ అయిన ఊరి పేరు, ఒక్కరిదే అయిన దుకాణం పేరు. మొదటిదాన్ని కాపాడేది భౌగోళిక సూచిక, అంటే జీఐ. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో ఆ గుర్తింపు వచ్చింది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో వచ్చింది.

దుకాణదారు: జీఐ అందరికీ వచ్చింది. నాకొక్కనికి ఏమొచ్చింది?

సైట్ కట్టేవాడు: అది ఎవరికీ ఒక్కరికే రాదు. కానీ ఆ పేరును హక్కుతో వాడుకోవాలంటే అధీకృత వాడుకరిగా చెన్నైలోని రిజిస్ట్రీలో విడిగా నమోదు కావాలి. మీరు అయితే, ఆ నంబరు సైట్‌లో పెట్టవచ్చు. ఎక్కడి సరుకో అమ్మే పేజీ అది పెట్టలేదు. మీ దుకాణం పేరు వేరే సంగతి. దానికి 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ఉంది. పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

సైట్‌లో ఊరి పేరు పెద్దగా, దుకాణం పేరు చిన్నగా రాయడం ఇక్కడ తరచూ కనిపించే తప్పు. ఊరి పేరు వెతికినవాళ్లు బజారుకు వస్తారు. దుకాణం పేరు గుర్తుంచుకున్నవాళ్లే ఆ మల్గీ మెట్లెక్కుతారు. బోర్డు మీద, బిల్లు మీద, గాజుల డబ్బా మీద, మ్యాప్స్‌లో, సైట్‌లో పేరు ఒకే రాతలో ఉండాలి. డబ్బా మూత లోపల దుకాణం పేరు, సైజు, సైట్ చిరునామా అచ్చేయడం లోగో మార్పించడం కన్నా చవక, మేలు కూడా.

బ్రాండింగ్‌లో కష్టమైన భాగం నిజం చెప్పడం. లక్క గాజుల దుకాణంలోనే గాజువి, లోహానివి కూడా ఉంటాయి; ఏది లక్కదో ఏది కాదో సైట్‌లో విడదీసి రాయాలి. పక్కనే పత్తర్‌గట్టిలో ముత్యాలకూ ఇదే పరీక్ష. హైదరాబాద్ ముత్యాలన్న పేరు వాటిని ఏరి, రంధ్రం చేసి, దండ గుచ్చే పనితనం వల్ల, వ్యాపారం వల్ల వచ్చింది. ముత్యం ఇక్కడ పుట్టదు. ఇప్పుడు అమ్మేవాటిలో చాలావరకు చైనా మంచినీటి సాగు ముత్యాలే. ఆ సంగతి సూటిగా రాసే దుకాణం మీద నమ్మకం పెరుగుతుందే తప్ప తరగదు.

సైట్ కట్టేవాడు: చేసేవాళ్ల గురించీ రాయాలి. కారిగర్ పేరు, ఫొటో, పని.

దుకాణదారు: పేరు పెడితే గిరాకీ సీదా ఆయన ఇంటికే పోతది.

ఆ భయం నిరాధారం కాదు, అయినా దాని మూల్యం మోసేది ఎప్పుడూ కారిగరే. ధరలో అతి తక్కువ వాటా అందేవాడి పేరు సైట్‌లోనూ లేకపోతే, చేతిపని గురించి రాసిన పొగడ్త అంతా అరువు పొగడ్తే. చిరునామా ఇవ్వకుండా, ఇష్టమైతేనే పేరు పెట్టి, పని వివరాలు రాయవచ్చు. దుకాణదారు ఒప్పుకున్నది చేతుల ఫొటోల వరకే.

సాంకేతిక మరమ్మతు చిన్నదే. ఫోన్‌లో తీసిన పెద్ద ఫొటోలను కుదించకుండా పెడితే పేజీ నిదానిస్తుంది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్ల లోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. ప్రతి ఫొటోకూ రంగు, సైజు, రకం చెప్పే వివరణ రాయాలి. గాజులు మాటలతోకన్నా బొమ్మలతో వెతికేవాళ్లు ఎక్కువగా ఉండే సరుకు కాబట్టి ఇందులో బద్ధకం పనికిరాదు.

దుకాణదారు: ఇన్ని రాసినంక గూగులే పైన జవాబు చెప్పేస్తే? సైజ్ ఎట్ల కొలవాలో అక్కడే చదివి పోతరు. నా సైట్‌కు ఎవరొస్తరు?

సైట్ కట్టేవాడు: కొందరు రారు. 2024లో మన దేశంలోనూ కృత్రిమ మేధ సారాంశాలు ఫలితాల పైన కనిపించడం మొదలైంది. కొలిచే పద్ధతిని అది చెప్పేస్తుంది. మీ దగ్గర 2-10లో మెరూన్ సెట్టు ఉందా, పెళ్లి తేదీకి అందుతుందా అన్నది అది చెప్పలేదు. దానికి మీ దగ్గరికే రావాలి.

దుకాణదారు: ఎన్ని రోజుల్ల తెలుస్తది?

సైట్ కట్టేవాడు: రోజులు కాదు. నాలుగు నెలల నుంచి ఏడాది పట్టవచ్చని గూగుల్ మనుషులే చెబుతారు. సెర్చ్ కన్సోల్ అనే ఉచిత పరికరంలో, ఏ మాటలు వెతికినప్పుడు మీ పేజీ ఎన్నిసార్లు కనిపించిందో, ఎంతమంది నొక్కారో ఉంటుంది. దుకాణం పేరుతో వెతికేవాళ్లు పెరిగితే అది బ్రాండింగ్ లెక్క. సైజు గురించి వెతికి వచ్చేవాళ్లు పెరిగితే కంటెంట్ లెక్క.

దుకాణదారు: నా లెక్క గల్లా కాడ ఉంటది. వచ్చినోళ్లను, ఫోన్ చేసినోళ్లను అడిగి రాస్త: ఎట్ల తెలిసిందని. నీ కన్సోల్ల నంబర్లు పెరిగి నా బుక్కుల పెరగకపోతే బంద్ చేస్త.

రెండు లెక్కలూ పక్కపక్కన ఉంచడం సరైన పద్ధతే. నొక్కినవాళ్ల సంఖ్యను అమ్మకంగా చూపించడం ఈ వృత్తిలో పాత అలవాటు. చివరికి కుదిరిన పని ఇంత: డొమైన్, మ్యాప్స్ ప్రొఫైల్ దుకాణదారు పేరు మీదికి మార్చాలి, మొదట సైజు పేజీ, తర్వాత మరమ్మతు పేజీ, దారి పేజీ తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రావాలి, రంజాన్ వేళలు సరిదిద్దాలి, నిల్వ డిజైన్లకు ధర రాయాలి. పెళ్లి సెట్లకు మొదలు ధర ఒక్కటే రాసి, పై ధరను ఫోన్ మీదికి వదిలేశారు. అధీకృత వాడుకరి దరఖాస్తు కాగితాలు దుకాణదారు తేవాలి, కారిగర్ల అనుమతి కూడా ఆయనే అడగాలి. ఒక పెళ్లిళ్ల సీజన్, ఒక రంజాన్ గడిచాక కన్సోల్ లెక్కనూ గల్లా బుక్కునూ ముందేసుకొని, సైట్ ఉంచాలా తీసేయాలా తేల్చుకోవాలన్నది ఇద్దరూ ఒప్పుకున్న షరతు.